ఫోను పెడితే గానీ ముద్ద దిగని బాబు

ప్రశ్న: మా బాబుకు రెండేళ్ళ నాలుగు నెలలు. నిజాంపేటలో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. నేనూ మా వారూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. పగలు బాబును మా అత్తగారు చూసుకుంటారు, ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. ఫోనులో రైమ్స్ పెడితే తప్ప వాడు ముద్ద మింగడు. అన్నం తినడం లేదని పాలు పడుతున్నాం, సీసాతో రోజుకు లీటరు దాకా అవుతాయి. మా వారు రాత్రి పదింటికి వస్తారు. ఆయనతో ఆడుకుని పదకొండున్నరకు పడుకుంటాడు. ఇంగ్లీషులో రంగులు, అంకెలు గడగడా చెప్తాడు. నీళ్ళు కావాలంటే మాత్రం నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు. సొంతంగా అనే మాటలు పది, పదిహేను ఉంటాయేమో. ఈ మధ్య గోడ పెచ్చులు ఊడిన చోట సున్నం గీకి తింటున్నాడు. మలబద్ధకం ఉంది, నెలకోసారి జలుబు, దగ్గు. ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడమని ప్లేస్కూల్ వాళ్ళు చెప్పారు. వాళ్ళ నాన్నకూ మూడేళ్ళకే మాటలొచ్చాయి, కంగారు పడకు అంటారు అత్తగారు. యూట్యూబ్‌లో వెతికితే వర్చువల్ ఆటిజం అని వస్తోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఆకలికీ, తెలివికీ ఏదైనా మంచి టానిక్ చెప్తారా? నేను ఉద్యోగం మానేయాలా?
– ఒక తల్లి, హైదరాబాద్

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. ఉద్యోగం మానేయక్కర్లేదు. తల్లి ఉద్యోగం చేసినంత మాత్రాన బిడ్డకు మాటలు ఆలస్యం కావు. పగలంతా పక్కన ఎవరున్నారన్నదాని కంటే, ఉన్నవాళ్ళు వాడితో ఎంత మాట్లాడుతున్నారు, వాడు ఒక శబ్దం చేస్తే ఎవరైనా తిరిగి పలుకుతున్నారా అన్నది ముఖ్యం. ఆ ఫోనూ ఆ పాలసీసా అలాగే ఉండి, మీరొక్కరు ఉద్యోగం మాని ఇంట్లో కూర్చుంటే పెద్దగా మారేదేమీ ఉండదు.

టానిక్ కూడా రాయను. ఎందుకో చెప్తాను. అన్నం తినడం లేదు, మాటలు రావడం లేదు, ఆలస్యంగా పడుకుంటాడు, సున్నం తింటాడు, మలబద్ధకం అని అన్నీ వేరువేరు కష్టాలుగా రాశారు. నాకు అవి ఒకదాని నుంచి ఒకటి పుడుతున్నట్టు కనిపించాయి. రాత్రి పదకొండున్నరకు పడుకున్న పిల్లాడు పొద్దెక్కాక గానీ లేవడు. లేవగానే పాలు పడతారు. పాలతో నిండిన కడుపుకు ఆకలి వేయదు. ఆకలి లేని నోట్లోకి ముద్ద వెళ్ళాలంటే ఫోను కావాలి. ఫోను చూస్తూ తినేవాడికి ఏం తింటున్నాడో తెలియదు, ఆ అరగంటా ఎవరితోనూ మాట్లాడడు. సరిగా తినలేదని మళ్ళీ పాలు. రోజంతా నాలుగో అంతస్తులోనే ఉన్న ఒంటికి అలసట ఉండదు కాబట్టి మధ్యాహ్నం నిద్ర సాయంత్రానికి జరుగుతుంది. ఇక రాత్రి మళ్ళీ పదకొండున్నర. మార్చాల్సింది ఈ దినచర్యనే. దీన్ని అలాగే ఉంచి పైన ఒక సిరప్ పోస్తే ఉపయోగం లేదు.

అయితే దినచర్య మార్చి, ఎలా ఉంటుందో చూసి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్దాం అనుకోవద్దు. రెండూ ఈ వారమే మొదలుకావాలి. ఇది గట్టిగా చెప్తున్నాను. యూట్యూబ్‌లో మీరు చూసిన వర్చువల్ ఆటిజం అనే పేరు డాక్టర్లు వాడే రోగ నిర్ధారణ పుస్తకాల్లో లేదు. ఆ వీడియోల వల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి. కొందరు తల్లులు బిడ్డను తామే పాడుచేశామని కుమిలిపోతున్నారు. మరికొందరు ఫోను ఆపేస్తే అంతా సర్దుకుంటుందని నెలలు నెలలు ఎదురుచూస్తున్నారు. ఆటిజం ఉన్న పిల్లలకైనా, వినికిడి లోపం ఉన్న పిల్లలకైనా, ఇంట్లో మాటల సందడి లేక వెనకబడ్డ పిల్లలకైనా ఎంత చిన్న వయసులో సాయం మొదలుపెడితే అంత మంచిది. రెండేళ్ళు నిండేసరికి "అమ్మ దా", "పాలు ఇంకా" లాంటి రెండు మాటల జంటలు సొంతంగా రావాలి. మీవాడికి రాలేదు. మూడేళ్ళ దాకా చూద్దాం అనడానికి వీల్లేదు. వాళ్ళ నాన్నకు ఆలస్యంగా వచ్చిన మాట నిజమే కావచ్చు, కొన్ని కుటుంబాల్లో అలా ఉంటుంది కూడా. దాన్ని డాక్టరుకు చెప్పండి. పరీక్ష మానుకోవడానికి మాత్రం అది కారణం కాకూడదు.

ముందు చెవులు చూపించాలి. పిలిస్తే వస్తాడు, ఫోను మోగితే పరిగెత్తుతాడు, చెవులు బాగానే ఉన్నాయి అని చాలామంది అంటారు. నెలకోసారి జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి నిలిచిపోవడం మామూలే. అప్పుడు శబ్దం వినిపిస్తుంది గానీ మాట స్పష్టంగా అందదు. అందని మాటను వాడు ఎలా పలుకుతాడు? చెవుల పరీక్షకు నొప్పేమీ ఉండదు. ఇంత చిన్నవాళ్ళకు నిద్రపుచ్చి కూడా చేస్తారు.

రెండోది ఎదుగుదల పరీక్ష. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ఎం-చాట్ అని ఆటిజం సూచనలు పట్టుకునే 20 ప్రశ్నల జాబితా ఉంది, పిల్లల డాక్టర్లు వాడతారు. మీ బాబు ఆ వయసులోనే ఉన్నాడు. మీరు వెళ్ళేలోగా కొన్ని గమనించి రాసుకోండి. పేరు పెట్టి పిలిస్తే మీ వైపు చూస్తాడా? విమానమో కుక్కో కనిపిస్తే వేలు చూపించి, మీరూ చూశారా లేదా అని మీ మొహం వైపు చూస్తాడా? బొమ్మ తెచ్చి మీకు చూపిస్తాడా? బొమ్మకు అన్నం పెట్టినట్టు, ఫోను మాట్లాడినట్టు ఉత్తుత్తి ఆటలు ఆడతాడా? మీ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు అని రాశారే, ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అలా లాక్కెళ్ళేటప్పుడు మీ కళ్ళలోకి చూస్తాడా లేదా అన్నదీ చెప్పండి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఆటిజమే అని అర్థం కాదు, చూడాల్సినవాళ్ళు చూడాలి అని మాత్రమే. రంగులు, అంకెలు గడగడా చెప్పడం మనకు ముచ్చటగా ఉంటుంది, కానీ అది విన్నదాన్ని తిరిగి అప్పజెప్పడం. "నీళ్ళు" అని అడగడం భాష. నాకు ఆ ఒక్క మాట పది రంగుల పేర్ల కంటే ఎక్కువ.

డబ్బు గురించి మీరు రాయలేదు గానీ ఇది చదివే మరో తల్లికి అవసరం పడొచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలకు ఈ పరీక్షలు ఉచితం. అంగన్‌వాడీ టీచరును గానీ ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ డైక్ సెంటర్ (ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి సాయం చేసే జిల్లా కేంద్రం) ఎక్కడ అని అడిగితే చెప్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎదుగుదల లోపాలున్న పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ ఉంది, వినికిడి, మాటకు సంబంధించిన జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ అక్కడే ఉంది.

మూడోది రక్తపరీక్ష. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఫోను కాదు, ఆ సున్నం. సున్నం, మట్టి, బలపం, బొగ్గు, ఇలా తిండి కానివి తినాలనిపించడం చాలాసార్లు ఒంట్లో ఇనుము తగ్గిందన్న సూచన. మనవాళ్ళు నులిపురుగులు అనో, చెడ్డ అలవాటు అనో తిట్టి చెయ్యి లాగేస్తారు. నులిపురుగుల మందు వేయించడం మంచిదే. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో అల్బెండజోల్ ఉచితంగా ఇస్తారు, రెండేళ్ళు నిండినవాళ్ళకు 400 మిల్లీగ్రాముల మాత్ర నలిపి వేస్తారు. కానీ ఆ ఒక్కదానితో ఆగకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్ళు తెలంగాణలో నూటికి 70 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 63 మంది. ఇది పేదిళ్ళ జబ్బు అని ఫ్లాట్లలో ఉండేవాళ్ళు అనుకుంటారు. రోజుకు లీటరు పాలు తాగే పిల్లాడు బొద్దుగా ఉండి కూడా రక్తం లేకుండా ఉండగలడు.

పాలు మంచివే. అందులో కాల్షియం ఉంది, ప్రొటీన్ ఉంది, ఇనుము మాత్రం దాదాపు లేదు. లీటరు మొత్తం తాగినా ఒక మిల్లీగ్రాము కూడా రాదు. మీవాడి వయసుకు రోజుకు 8 మిల్లీగ్రాములు కావాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. పైగా పాలలోని కాల్షియం మిగతా తిండిలో ఉన్న కాస్త ఇనుమును కూడా సరిగా ఒంటికి పట్టనివ్వదు. లీటరు టోన్డ్ పాలలో సుమారు 600 క్యాలరీలు ఉంటాయి. వాడికి రోజు మొత్తానికి కావాల్సినవే వెయ్యి, పదకొండు వందలు. సగానికి పైగా ఆకలి సీసాలోనే తీరిపోతుంటే అన్నం ఎలా తింటాడు? తినడం లేదని మీరు పాలు పోస్తున్నారు, పాలు పోస్తున్నందుకే వాడు తినడం లేదు. మలబద్ధకం కూడా చాలావరకు ఇందులోదే.

ఇనుము అంటే ఒక్క రక్తం సంగతే కాదు. ఈ వయసులో మెదడు వేగంగా పెరుగుతుంటుంది, ఆ పెరుగుదలకూ ఇనుము కావాలి. అది తక్కువైన పిల్లలు చిరాకుగా ఉంటారు, ఒకచోట మనసు పెట్టలేరు, ఆకలి మందగిస్తుంది, నిద్రలో దొర్లుతూ ఉంటారు. అంటే మీరు రాసిన కష్టాల్లో సగానికి ఇదీ ఒక కారణం కావచ్చు. హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూడమని అడగండి. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనతే. ఐరన్ సిరప్ మాత్రం డాక్టరు చెప్పకుండా మీరే కొని పోయకండి. తలసీమియా అనే, వంశంలో వచ్చే రక్త లోపం లక్షణం ఉన్నవాళ్ళలో కూడా రక్తం తక్కువగానే కనిపిస్తుంది, వాళ్ళకు ఇనుము ఇవ్వడం వేరే లెక్క. డాక్టరు రాసిస్తే పాలతో కలిపి పట్టకండి, కాస్త కమలారసంతోనో, నిమ్మరసం నీళ్ళతోనో ఇవ్వండి. విరేచనం నల్లగా అవుతుంది, భయపడొద్దు. ఆ సిరప్ సీసా వాడికి అందకుండా పైన పెట్టండి. తియ్యగా ఉందని ఎక్కువ తాగేస్తే అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఆ గోడ సంగతీ చూడాలి. ఊడిన పెచ్చుల్లో సున్నమే కాదు, పాత రంగు కూడా ఉంటుంది. ఇంటి రంగుల్లో సీసం (లెడ్) పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లో. అంతకు ముందు వేసిన రంగుల్లో చాలా ఎక్కువ ఉండేది. సీసం అనే ఈ లోహం పిల్లల మెదడుకు చేసే హాని మళ్ళీ పూడేది కాదు, పైగా ఇనుము తక్కువున్న ఒళ్ళు సీసాన్ని ఇంకా ఎక్కువగా పీల్చుకుంటుంది. మీ అపార్ట్‌మెంట్ పాతదైతే రక్తంలో లెడ్ పరీక్ష కూడా చేయించాలా అని డాక్టరును అడగండి. ఈలోగా మంచం జరిపో, ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టో ఆ గోడ వాడికి అందకుండా చేయండి. పొడిగా గీకించకండి, ఆ దుమ్ము ఇంకా చేటు. వాడు ఇంట్లో లేనప్పుడు తడిపి బాగు చేయించి, నేల తడిగుడ్డతో తుడవండి. బజారులో దొరికే కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో కూడా సీసం ఉంటుంది. దిష్టి చుక్క పెట్టే అలవాటుంటే ఇంట్లో దీపం మసితో చేసిన కాటుక బుగ్గ మీదో, అరికాలిలోనో పెట్టుకోండి, కళ్ళలో వద్దు.

ఇక పాలు తగ్గించడం. ఒక్కసారిగా ఆపకండి. మొదట పగటి సీసాల స్థానంలో గ్లాసు పెట్టండి. పాలలో చక్కెర వేస్తుంటే మెల్లగా తగ్గిస్తూ మానేయండి. రాత్రి సీసాను చివర మానిపించండి, అప్పటిదాకా అందులో పాలు తగ్గిస్తూ నీళ్ళు పెంచుతూ పోండి. వాడు నోట్లో సీసాతోనే నిద్రపోతుంటే పై ముందు పళ్ళ మీద గోధుమరంగు మచ్చలున్నాయేమో చూడండి. పళ్ళు పుచ్చితే నమలడం నొప్పి, నమలని పిల్లాడు మళ్ళీ పాలే అడుగుతాడు. రోజుకు 400 మిల్లీలీటర్ల దగ్గర ఆగండి. కాల్షియం చాలదేమోనని భయం వద్దు, ఆ పాలలోనే సుమారు 480 మిల్లీగ్రాములు వస్తుంది, ఈ వయసుకు కావాల్సింది 500. మిగిలింది రాగులు చూసుకుంటాయి. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఇనుము కోసం గుడ్డు, చేప, నెలలో నాలుగైదుసార్లు మెత్తగా ఉడికించిన కాస్త కార్జం, తోటకూర పప్పు. పప్పులో నిమ్మకాయ పిండితే ఆకుకూరలోని ఇనుము బాగా పడుతుంది. టీ అలవాటు చేస్తే మానిపించండి. వేరుశనగ గింజలు, శనగ గుగ్గిళ్ళు ఇంకా రెండేళ్ళయినా గింజలుగా పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. పొడి చేసి కలపండి.

తెలివికి టానిక్ అడిగారు, తెలివి పెంచుతాయని అమ్మే పొడుల గురించి ఒక్క మాట. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకం సైట్లకు ఒక సూచన పంపింది. బోర్న్‌వీటాతో సహా ఇలాంటి పానీయాలను హెల్త్ డ్రింక్స్ అనే వరుస నుంచి తీసేయమని. మన ఆహార భద్రతా చట్టంలో హెల్త్ డ్రింక్ అనే నిర్వచనమే లేదు. డబ్బా వెనక చక్కెర ఎంతో చదవండి. ఆ డబ్బుకు గుడ్లు వస్తాయి.

ఇప్పుడు ఫోను. రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్ళవాళ్ళకు రోజుకు గంట మించకూడదని, అదీ పెద్దవాళ్ళు పక్కన ఉండి చూపించాలని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సూచనలూ దాదాపు ఇవే. నేను గంటల లెక్క కంటే ముందు అడిగేది ఒక్కటే. తినేటప్పుడు వద్దు. మీవాడికి రోజులో ఒక మనిషి ఎదురుగా కూర్చుని, మొహంలో మొహం పెట్టి, వాడి కోసమే సమయం ఇచ్చేది అన్నం తినిపించేటప్పుడే. రోజుకు మూడుసార్లు, అరగంట చొప్పున. ఆ గంటన్నరనూ ఫోను తీసేసుకుంటోంది. అమెరికాలో చిన్నపిల్లల ఒంటి మీది బట్టల్లో చిన్న రికార్డర్ పెట్టి రోజంతా మాటలు రికార్డు చేశారు. ఇంట్లో టీవీ వినపడేలా నడిచిన ప్రతి గంటకూ పిల్లల చెవిన పడిన పెద్దల మాటలు సుమారు 770 తగ్గాయి. 2009లో అచ్చయిన పరిశోధన అది. టీవీ పిల్లాడి కోసం పెట్టినది కాకపోయినా అంతే. మీ ఇంట్లో సీరియల్ నడుస్తుంటే దాన్నీ ఇందులో కలపండి.

మానిపించేటప్పుడు ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. తినే చోట ఎవరి చేతిలోనూ ఫోను ఉండకూడదు, మీ చేతిలో కూడా. వాణ్ణి మీతో పాటు కింద కూర్చోబెట్టి, వాడి కంచం వాడి ముందు పెట్టి, వాడి చేత్తో కెలకనివ్వండి. ఒళ్ళంతా పూసుకుంటాడు, నేలంతా పోస్తాడు, పాత బెడ్‌షీట్ పరిచి కూర్చోండి. ఏం పెట్టాలో మీ ఇష్టం, ఎంత తినాలో వాడి ఇష్టం. ఇరవై నిమిషాలు చూసి కంచం తీసేయండి, తిట్టకుండా. గంటలో పాలు మాత్రం ఇవ్వకండి, మళ్ళీ తిండి వేళ దాకా నీళ్ళే. మొదటి వారం గోల గోలగా ఉంటుంది. ఏడుస్తాడు, కంచం విసురుతాడు, రెండు పూటలు దాదాపు ఏమీ తినకపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడు ఎదురుగా తిండి ఉంటే ఆకలితో మాడిపోడు. అయినా మొదలుపెట్టే ముందు బరువు చూడండి, రెండు వారాలకోసారి మళ్ళీ చూడండి, తగ్గుతుంటే డాక్టరుకు చెప్పండి. సెలవు రోజు కలిసొచ్చేలా మొదలుపెట్టండి, మొదటి మూడు రోజుల ఏడుపును అత్తగారి ఒక్కరి మీద వదిలేయకండి.

అత్తగారి గురించి కాస్త ఎక్కువ రాయాలనిపిస్తోంది. మీ ఉత్తరంలో ఆవిడ మీద కొంచెం కినుక కనిపించింది, మీరు రాయకపోయినా. మోకాళ్ళ నొప్పులతో ఉన్న మనిషి, నాలుగో అంతస్తులో, పక్కింటివాళ్ళ పేర్లు కూడా తెలియని చోట, రెండేళ్ళ పిల్లాడి వెనక పది గంటలు పరిగెత్తాలి. ఊళ్ళో అయితే వీధరుగు ఉంటుంది, పిన్నులు, పెద్దమ్మలు ఉంటారు, బిడ్డ ఒక్కరి మీదే పడడు. ఇక్కడ ఆవిడకు ఆ సాయం అంతా ఫోనే. అది తీసేసి ఏమీ ఇవ్వకపోతే ఆవిడ మళ్ళీ దాన్నే తీస్తారు, నేనైనా అదే చేస్తాను. పనిమనిషి చేత రోజూ సాయంత్రం గంట ఎక్కువ పని చేయించుకుని వాణ్ణి కిందికి తీసుకెళ్ళమనండి. అత్తగారు కూడా లిఫ్ట్‌లో దిగి బెంచీ మీద కూర్చుంటారు, నాలుగు మాటలు మాట్లాడుకునే మనుషులు దొరుకుతారు. ఇంట్లో ఆవిడ లేచి పరిగెత్తనక్కర్లేని ఆటలు చాలా ఉన్నాయి. గిన్నెల్లో గరిటె తిప్పించడం, చిక్కుళ్ళు ఒలిచేటప్పుడు ఒక్కోటి గిన్నెలో వేయించడం, ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ వేరు చేయించడం. చేస్తున్న పని చేస్తున్నట్టే నోటితో చెప్పమనండి: "ఇదిగో చిక్కుడుకాయ. పెద్దది. దీన్లో వెయ్యి. పడిందా? పడింది!" ఒక మాట చెప్పి, వాడు ఏదో ఒక శబ్దం చేసేదాకా ఆగమనండి. ఆ ఆగడమే అసలైనది, పెద్దవాళ్ళం ఆగం. వాడు "కాయ" అంటే ఆవిడ "చిక్కుడుకాయ" అనాలి. అంతే. ఇది ఆవిడకు ఎవరూ నేర్పక్కర్లేదు. మీ ఆయనకు ఆవిడ ఇలాగే మాటలు నేర్పి ఉంటారు.

అది తెలుగులోనే జరగాలి. ప్లేస్కూల్ వాళ్ళు చెప్పింది తప్పు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు, ఆలస్యమైన పిల్లల కోసం ఇంటి భాష మార్చాల్సిన అవసరమూ లేదు. ఇంగ్లీషు రాని నాయనమ్మ చేత ఇంగ్లీషు మాట్లాడించాలని చూస్తే ఆవిడ మాట్లాడడమే తగ్గిస్తారు, వాడికి ఉన్న ఒక్క మాటల ఊట ఆగిపోతుంది. ఇల్లు మాట్లాడే భాషలో, కోపంలో, లాలనలో, ఎత్తిపొడుపులో వాడికి భాష వస్తుంది. ఇంగ్లీషు బడి నేర్పుతుంది, దానికింకా చాలా టైముంది. ప్లేస్కూల్‌కు పంపాలా అంటే, తోటి పిల్లలున్న చోటుకు రోజుకు రెండు మూడు గంటలు పంపడం మంచిదే. కాకపోతే అక్కడ టీవీ పెట్టి కూర్చోబెట్టడం లేదని మీ కళ్ళతో చూసి చేర్పించండి.

నిద్ర విషయం మీ వారి చేతిలో ఉంది. ఆయన వచ్చేదాకా బిడ్డను మేల్కొలిపి ఉంచడం ఎందుకో నాకు అర్థమైంది, లేకపోతే ఆయన వాణ్ణి చూసేది ఆదివారమే. కానీ పదింటికి మొదలైన ఆటతో, వెలుగుతున్న తెరలతో ఒళ్ళు మేల్కొంటుంది తప్ప నిద్రకు ఒరగదు. ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలో. ఈ వయసుకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు కావాలి. కాబట్టి నాన్నను పొద్దుటికి మార్చండి. వాణ్ణి ఏడింటికి లేపి, ఏడున్నరకల్లా మీ వారు కిందికి తీసుకెళ్ళాలి. అరగంట, ముప్పావుగంట. కుక్కల్ని చూపించడం, ఎండలో నడిపించడం, కార్లు లెక్కపెట్టడం, మట్టిలో ఆడనివ్వడం. ఆయన ఫోను పైనే వదిలి దిగాలి. ఈ ఒక్క మార్పుతో ఎండ, పరుగు, మాటలు, ఆకలి, రాత్రి త్వరగా నిద్ర అన్నీ మెరుగుపడతాయి. తిరిగొచ్చిన పిల్లాడు ఇడ్లీ అడుగుతాడు. ఈ వయసు పిల్లలు రోజు మొత్తం మీద మూడు గంటలు ఒళ్ళు కదిలించి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, ఫ్లాట్‌లో అది కుదరని పని. కళ్ళకు కూడా ఇదే మంచిది. సింగపూర్‌లో, సిడ్నీలో ఉంటున్న చైనా మూలాల పిల్లల్ని ఆరేడేళ్ళ వయసులో పోల్చి చూస్తే హ్రస్వదృష్టి (దూరంవి మసకగా కనిపించడం) సింగపూర్‌లో నూటికి 29 మందికి ఉంది, సిడ్నీలో ముగ్గురికే. పెద్ద తేడా వాళ్ళు ఆరుబయట గడిపే సమయంలోనే కనిపించింది. సిడ్నీ పిల్లలు వారానికి పద్నాలుగు గంటలకు కాస్త తక్కువ, సింగపూర్ పిల్లలు మూడు గంటలు.

మధ్యాహ్నం కునుకు మూడింటికల్లా ముగిసేలా చూడండి, ఏడున్నరకు అన్నం, ఎనిమిదిన్నరకు లైట్లు తగ్గించి, తొమ్మిదికి పడక. ఒక్కసారిగా రెండున్నర గంటలు ముందుకు జరగదు. పొద్దున లేపే టైము మొదట మార్చండి, రాత్రి టైము కొన్ని రోజుల్లో దాని వెంట వస్తుంది.

జలుబు, దగ్గు గురించి ఒక ప్రశ్న. రాత్రి తలుపులు మూసి దోమల కాయిల్ వెలిగిస్తున్నారా? ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చేంత అని 2003లో ఒక పరిశోధన లెక్కగట్టింది. మూసిన గదిలో అగరుబత్తి, సాంబ్రాణి పొగ కూడా చిన్న ఊపిరితిత్తులకు బరువే. దోమతెర కట్టండి, కిటికీలకు జాలీ వేయించండి. సాంబ్రాణి అత్తగారికి ఇష్టమైతే బాల్కనీలో వేసుకోమనండి, వాడి తల ఆరబెట్టడానికి మాత్రం తువ్వాలు చాలు.

ఇవన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఇంట్లో ఎవరూ నిలబడలేరు. ఈ వారం చెవుల పరీక్షకు, పిల్లల డాక్టరుకు అపాయింట్‌మెంట్ తీసుకోండి, గోడకు అడ్డం పెట్టండి, పొద్దున మీ వారు వాణ్ణి కిందికి తీసుకెళ్ళడం మొదలుపెట్టండి. పగటి పాలు వచ్చే వారం నుంచి తగ్గించండి. ఆకలి తెలియడం మొదలయ్యాక తిండి దగ్గర ఫోను తీయండి, ఆ వరుసలో అయితే ఏడుపు తక్కువుంటుంది. వాడు కొత్తగా అన్న ప్రతి సొంత మాటనూ తేదీతో సహా ఒక నోటుబుక్కులో అత్తగారి చేతనే రాయించండి, లేదా ఆవిడ చెప్తుంటే మీరు రాయండి. డాక్టరుకు అది మీరు చెప్పే ఏ వర్ణన కంటే ఎక్కువ పనికొస్తుంది. మధ్యలో ఎప్పుడైనా వచ్చిన మాటలు పోతున్నట్టు, పిలిస్తే చూడటం తగ్గినట్టు అనిపిస్తే అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకుండా వెంటనే వెళ్ళండి.

చెవుల రిపోర్టు, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ అంకెలు, బరువు, ఎత్తు చేతికి వచ్చాక మళ్ళీ రాయండి. అవి చూశాక మాటల సాధన ఎలా మొదలుపెట్టాలో మీవాడికి సరిపోయేలా రాస్తాను.